బడితోటకు టైంటేబుల్‌లో చోటివ్వాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

పాఠశాలల్లో కూరగాయల తోటలు పెంచాలని కేంద్ర విద్యాశాఖ 2019లో మార్గదర్శకాలు విడుదల చేసింది. స్థలం లేని బడులు కుండీల్లో, డబ్బాల్లో, మేడ మీద కూడా పెంచుకోవచ్చని వాటిలోనే ఉంది. తోటలు వేసిన బడులు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. అయితే నేను చూసినంతలో, తనిఖీకి వచ్చినవారు ఎంత కూర కాసిందని అడుగుతారే తప్ప, ఆ మడుల దగ్గర పిల్లలు ఏం నేర్చుకున్నారని అడగరు.

కూర లెక్కన చూస్తే బడితోట ఎప్పటికీ గిట్టుబాటు కాదు. మధ్యాహ్న భోజన నిబంధనల ప్రకారం ప్రాథమిక తరగతుల్లో ఒక్కొక్కరికి రోజుకు 50 గ్రాముల కూరగాయలు పెట్టాలి. 40 మంది ఉన్న బడికి రోజూ 2 కిలోలు కావాలంటే నాలుగు మడులు ఏ మూలకు? అదే లెక్కను నాలుగో తరగతి పిల్లల చేత కట్టించి, కోసిన తోటకూరను తూకం వేయించి, ఇంకెంత కొనాలో తేల్చమంటే, గుణకారం, తీసివేత, గ్రాములను కిలోల్లోకి మార్చడం ఒక్క పూటలో పట్టుబడతాయి.

ఒకరిద్దరు ఉపాధ్యాయులే అయిదు తరగతులనూ నెట్టుకొచ్చే బడులకు తోట మరీ అక్కరకొస్తుంది. ఒకే సొరపాదు దగ్గర ఒకటో తరగతి పిల్లలు పూలు లెక్కపెడతారు. రెండో తరగతివారు తీగ, పందిరి, పిందె అని పలక మీద రాస్తారు. మూడో తరగతివారు తీగ పొడవు కొలిచి వారం వారం పట్టికలో వేస్తారు. అయిదో తరగతివారు ఆడపువ్వునూ మగపువ్వునూ వేరుచేస్తారు. ఆడపువ్వు అడుగున నూగుతో చిట్టి పిందె ముందే ఉంటుంది, మగపువ్వుకు ఉట్టి కాడే. సొరపువ్వు విచ్చుకునేది సాయంత్రం వేళ కనుక, ఇంట్లో పాదున్న పిల్లవాడు చూసొచ్చి మర్నాడు తరగతిలో చెబితే, అది తెలుగు పీరియడే. (వాచకం చదవడానికి నోరు విప్పనివారు ఇక్కడ గుక్కతిప్పుకోకుండా మాట్లాడతారు.) 2020 నాటి జాతీయ విద్యావిధానం చెప్పిన అనుభవపూర్వక అభ్యసనానికి ఇంతకంటే చవకైన పరికరం లేదు.

"బడికి పంపితే మట్టిపని చేయిస్తారా" అనే తల్లిదండ్రుల మాటను కొట్టిపారేయడానికి వీల్లేదు. నీళ్లు మోసే పని ఎప్పుడూ ఆడపిల్లల మీదో, కొన్ని ఇళ్ల పిల్లల మీదో పడితే అది చాకిరీయే. అందరికీ వంతులు రాసిన కాగితం గోడకు అంటించి ఉండాలి. చేసిన ప్రతి పనికీ నోటుపుస్తకంలో ఒక పాఠం కనిపించాలి.

వేసవి సెలవుల్లో తోట ఎండిపోతుందనేది మరో అభ్యంతరం. ఎండిపోనివ్వండి. తొలకరికి బెండ, సొర, దసరా సెలవుల తర్వాత పాలకూర, మెంతికూర వేసుకుని, ఏప్రిల్ నాటికి ముదిరిన కాయల గింజలు ఎండబెట్టి, వేపాకు వేసి డబ్బాలో దాచుకుంటే జూన్‌లో మళ్లీ మొదలుపెట్టవచ్చు. మేకలు రాకుండా కంచె, దగ్గరలో ఒక కుళాయి మాత్రం పంచాయతీలు సమకూర్చాలి.

వచ్చే విద్యాసంవత్సరం నుంచి ప్రాథమిక తరగతులకు వారానికి రెండు తోట పీరియడ్లు కేటాయించాలనీ, ఏ పాఠాన్ని ఏ మొక్క దగ్గర చెప్పవచ్చో ఉపాధ్యాయుల కరదీపికల్లో చేర్చాలనీ, మండల విద్యాధికారులు తనిఖీలో పిల్లల తోట పుస్తకాలు చూడాలనీ రెండు రాష్ట్రాల విద్యాశాఖలను కోరుతున్నాను.

భవదీయుడు,
విశ్రాంత ప్రాథమికోపాధ్యాయుడు,
తెనాలి