షుగరు శిబిరాల్లో కొవ్వు ఊసేదీ?

సంపాదకులు గారికి నమస్కారం.

గత ఆదివారం మీ జిల్లా పేజీలో ఉచిత మధుమేహ శిబిరం ఫొటో చూశాను. టెంటు కింద జనం వరస, బల్ల మీద గ్లూకోమీటరు, వేలు చాపి మొహం పక్కకి తిప్పుకున్న ఓ పెద్దాయన. మంచి పనే, తప్పు పట్టడానికి రాయడం లేదు. కాకపోతే నేను 23 ఏళ్లుగా జంగారెడ్డిగూడెంలో ల్యాబ్ టెక్నీషియన్ని. ఆ వేలి చుక్కలో కనబడనిది నాకు రోజూ ట్యూబుల్లో కనబడుతుంటుంది. అందుకే ఈ ఉత్తరం.

మా బావగారి సంగతితో మొదలుపెడతాను. మావారి అన్నగారు, పామాయిల్ రైతు, 56 ఏళ్లు. షుగరు వచ్చి తొమ్మిదేళ్లయింది. ఇంట్లో మిషను ఉంది. పొద్దున్నే పరగడుపున వేలు గుచ్చుకుని, వచ్చిన అంకెను గోడ క్యాలెండరులో తేదీ కింద పెన్సిలుతో రాస్తారు. 158, 172, 160. పాలవాడి లెక్క పక్కన ఆయన షుగరు లెక్క. "నా షుగరు నా గుప్పిట్లో ఉందమ్మాయ్" అనేవారు. తిన్నాక ఎప్పుడూ చూసుకోలేదు. కొవ్వు పరీక్ష ఆ తొమ్మిదేళ్లలో ఒక్కసారి చేయించుకున్నారట, అదీ ఆపరేషనుకు ముందు ఎవరో అడిగితే.

నిరుడు సంక్రాంతి అయ్యాక నీరసంగా ఉందని ల్యాబ్‌కి వచ్చారు. భోగి నాటి నుంచి క్యాలెండరు ఖాళీ. అరిసెలు, సున్నుండలు సరే, కోడిపందేల బరి దగ్గర మూడు రోజులు ఏం తాగారో అక్క చెప్పింది, ఆయన చెప్పలేదు. రక్తం తీసి సెంట్రిఫ్యూజులో తిప్పాను. ఎర్ర కణాలు అడుగుకు దిగాక పైన మిగిలే సీరం మామూలుగా లేత పసుపు రంగులో, ట్యూబు వెనక వేలు పెడితే కనబడేంత తేటగా ఉంటుంది. బావగారిది చిక్కటి మజ్జిగలా ఉంది. ఎన్నిసార్లు చూసినా అలాంటి ట్యూబు చేతిలోకి తీసుకుంటే నాకు కాస్త జంకే. అందులోనూ ఇంటి మనిషిది.

పరగడుపు షుగరు 214. మూడు నెలల షుగరు (హెచ్‌బీఏ1సీ పరీక్ష) 9.6 శాతం, అంటే సగటున రోజంతా 230 దగ్గర తిరుగుతోందన్నమాట. ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో తిరిగే కొవ్వు, 912. అవి 150 లోపు ఉండాలి. 500 దాటితే గుండె సంగతి తర్వాత, ముందు క్లోమం వాస్తుందేమోనని డాక్టర్లు కంగారు పడతారు. చెడు కొలెస్ట్రాల్ గడిలో అంకె లేదు, గీత పెట్టి ఇచ్చాను. దాని మీద బావగారు గొడవ. "డబ్బులు పూర్తిగా తీసుకుని ఒక గడి ఖాళీగా వదిలేస్తారా?"

ఈ మాట వారానికి ఒకరైనా అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. చెడు కొలెస్ట్రాల్‌ను మాలాంటి చిన్న ల్యాబుల్లో ఎక్కువగా నేరుగా కొలవరు, లెక్కగడతారు. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి మంచి కొలెస్ట్రాల్‌ను తీసేసి, ట్రైగ్లిజరైడ్లలో అయిదో వంతు కూడా తీసేస్తే మిగిలింది చెడుది. 1972 నాటి ఫ్రీడ్‌వాల్డ్ సూత్రం. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ లెక్క పనికిరాదు. కాబట్టి ఆ గీత మా బద్ధకం కాదు, ఒంట్లో కొవ్వు హద్దు మీరిందని చెప్పే సమాధానం.

షుగరు జబ్బుకూ ఈ మజ్జిగకూ సంబంధమేమిటని అడిగారు మా బావగారు. ఇన్సులిన్ అంటే చక్కెరను కండరాల్లోకి పంపేదనే అందరికీ తెలుసు. ఒంట్లో దాచిన కొవ్వు గాదెకు కాపలా కూడా అదే. దాని మాట చెల్లనప్పుడు గాదె తలుపు తెరుచుకుని కొవ్వు రక్తంలోకి జారుతుంది. కాలేయం దాన్ని ట్రైగ్లిజరైడ్లుగా మూటలు కట్టి మళ్లీ రక్తంలోకే వదులుతుంది. ఆ మూటల్ని రక్తనాళాల గోడల దగ్గర విప్పి ఖాళీ చేసే ఎంజైము ఒకటుంది, దానికీ ఇన్సులిన్ అండ కావాలి. ఇటు సరుకు పెరిగింది, అటు దింపేవాళ్లు తగ్గారు. దాని మీద మూడు పూటలా అన్నం, పైన మందు. మజ్జిగ కాక ఏమవుతుంది? ఇదే వరసలో మంచి కొలెస్ట్రాల్ కూడా పడిపోతుంది. బావగారిది 31, మగవాళ్లకు 40 పైన ఉండాలి.

ఏలూరులో డాక్టరు గారు షుగరు మందులు మార్చారు, కొవ్వుకు ఓ బిళ్ళ ఇచ్చారు, సీసా ముట్టుకోవద్దన్నారు. రాత్రి అన్నం బదులు జొన్న రొట్టె. నాలుగు నెలల తర్వాత మళ్లీ రక్తం తీశాను. సీరం తేటగా ఉంది. మూడు నెలల షుగరు 7.4, ట్రైగ్లిజరైడ్లు 238. ఖాళీ గడిలో మొదటిసారి అంకె పడింది: చెడు కొలెస్ట్రాల్ 121. పక్కన మేము అచ్చేసిన నార్మల్ రేంజ్ '130 లోపు'. ఆయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని మిఠాయి కొట్టుకు వెళ్లబోయారు, నేనే ఆపాను.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. షుగరు దిగితే దాని వెంట బాగా దిగేది ట్రైగ్లిజరైడ్లు. చెడు కొలెస్ట్రాల్ దిగేది కొద్దిగానే, అది షుగరు మాట అంతగా వినదు. పైగా షుగరు ఉన్నవారిలో దాని రేణువులు చిన్నవిగా, గట్టిగా ఉంటాయి, అంకె మామూలుగా కనబడుతూనే రేణువుల లెక్క ఎక్కువగా ఉండొచ్చు. అందుకే వాళ్లకు హద్దు 130 కాదు. 100 లోపు అని చాలాకాలం చెప్పారు. ఇప్పుడు ముప్పు ఎక్కువున్నవారికి 70 లోపు, గుండె జబ్బు ఇప్పటికే వచ్చినవారికి 55 లోపు అంటున్నారు. ఆ 130 అని అచ్చేస్తున్నది మాత్రం మేమే, మా ల్యాబులే. నా తప్పు కూడా అందులో ఉంది.

అందుకే డాక్టరు గారు చెడు కొలెస్ట్రాల్‌ను దించే స్టాటిన్ బిళ్ళ కూడా రాశారు. బావగారు నెల వేసుకుని మానేశారు. ఫోనులో ఏదో వీడియోలో ఎవరో చెప్పారట, కొలెస్ట్రాల్ బిళ్ళతో షుగరు పెరుగుతుందని. అది పూర్తిగా అబద్ధం కాదు. కొద్దిగా పెరిగే అవకాశం ఉందని 2012లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కూడా మందుతో వచ్చే వివరాల కాగితంలో రాయించింది. కానీ ఆ వీడియోలో చెప్పనిది ఇంకోటుంది. గుండె జబ్బు లేని, కొలెస్ట్రాల్ కూడా మరీ ఎక్కువ లేని షుగరు రోగులు 2,800 మందికి పైగా తీసుకుని బ్రిటన్, ఐర్లండ్‌లలో అటోర్వాస్టాటిన్ 10 మిల్లీగ్రాముల మీద కార్డ్స్ అనే పరీక్ష జరిపారు. 2004లో ఫలితాలొచ్చాయి. గుండెపోటు, పక్షవాతం లాంటివి కలిపి 37 శాతం తగ్గాయి. లాభం తేలిపోయిందని పరీక్షను దాదాపు రెండేళ్లు ముందే ఆపేశారు. బిళ్ళ మానేస్తే ఆ లాభమూ మానేసినట్టే, నెలలోపే అంకె మళ్లీ పైకి పోతుంది. బావగారికి ఇదంతా చెబితే "నువ్వు డాక్టరువా?" అన్నారు. కాదు. అందుకే డాక్టరు గారి చేతే మళ్లీ చెప్పించాను. ఇప్పుడు రాత్రి భోజనం అయ్యాక అక్క బిళ్ళ చేతిలో పెట్టి మింగేదాకా నిలబడుతోంది.

శిబిరాల దగ్గరికి మళ్లీ వస్తాను. 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో షుగరు 11.4 శాతం మందికి ఉంటే, రక్తంలో కొవ్వుల్లో ఏదో ఒక తేడా 81.2 శాతం మందికి ఉంది. మనం టెంటు వేసి వెతికేది మొదటి దాన్ని. ప్రభుత్వ కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి 30 దాటిన వాళ్లకు చూసే జాతీయ జాబితాలోనూ బీపీ, షుగరు, మూడు రకాల క్యాన్సర్లు ఉన్నాయి, కొవ్వు లేదు. కారణం నాకు తెలుసు. షుగరుకు ఒక చుక్క, ఒక స్ట్రిప్పు చాలు. కొవ్వుకు మామూలుగా నరంలోంచి రక్తం తీయాలి, తిప్పాలి, మిషను కావాలి. టెంటులో కుదరదు. కానీ షుగరు ఎక్కువ వచ్చిన వాళ్లకు అక్కడే ఓ చీటీ రాసి దగ్గరలోని ల్యాబ్‌కి పంపొచ్చు కదా. పరగడుపున రావాలనే పట్టుదల కూడా మొదటిసారి పరీక్షకు అక్కర్లేదు. ట్రైగ్లిజరైడ్లు మరీ ఎక్కువ వస్తే అప్పుడు పరగడుపున మళ్లీ చేస్తాం. నిజానికి పరగడుపని చెప్పినా "కాఫీ ఒక్కటే తాగానమ్మా" అనేవాళ్లు పదిమందిలో నలుగురుంటారు. ఆ కాఫీలో ఎన్ని చెంచాల పంచదారో నేను అడగడం మానేశాను. పరీక్షకు మూడు రోజుల ముందు నుంచి కడుపు మాడ్చుకుని వచ్చేవాళ్లు ఇంకో రకం. మూడు నెలల షుగరు దగ్గర వాళ్ల పథ్యం బయటపడిపోతుంది.

నా వంతుగా ఒకటి చేశాను. 'షుగరు ఉన్నవారికి కొలెస్ట్రాల్ హద్దు వేరు, డాక్టరును అడగండి' అని రబ్బరు స్టాంపు చేయించి, షుగరు ఉన్నవాళ్ల ప్రతి రిపోర్టు మీదా వేస్తున్నాను. మా ఓనరు గారు రిపోర్టు పాడవుతోందని సణిగారు, ఇప్పుడు అలవాటు పడ్డారు. మీ విలేకరులు ఈసారి ఏ మధుమేహ శిబిరానికి వెళ్లినా, ఎంతమందికి పరీక్ష చేశారని అడిగాక, షుగరు తేలిన వాళ్లలో ఎంతమందిని కొవ్వు పరీక్షకు పంపారో కూడా అడిగి, ఆ అంకెను వార్తలో వేయమని నా మనవి.

ఇట్లు
ఒక ల్యాబ్ టెక్నీషియన్,
జంగారెడ్డిగూడెం, ఏలూరు జిల్లా