2024–25 వార్షిక నివేదిక: సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పించినది

అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, ఉదయం బస్సులు పట్టుకుని ఇంత దూరం వచ్చిన మీ అందరికీ నమస్కారం.

మన హక్కుల సంఘం ఆశయాలు మీకు తెలిసినవే. పోయిన ఏడాది ఇదే సభ మనకు ఒక పని అప్పజెప్పింది. హక్కుల గురించి రాసేవాళ్లకూ, మాట్లాడేవాళ్లకూ, వీడియోలు తీసేవాళ్లకూ ఆన్‌లైన్ అబద్ధాలను ఎదుర్కోవడం నేర్పించాలని తీర్మానించాం. ఏడాదంతా ఆ పని మీదే ఉన్నాం.

"కేసులు వదిలేసి ఈ ఫోన్ల గొడవ మనకెందుకు?" అని కొందరు పెద్దలు అడిగారు. వారికి 2018 గుర్తు చేశాను. పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు దిగాయన్న పుకారుకు ఆ మే నెలలో చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ బలైంది. జులైలో స్నేహితులతో కలిసి హైదరాబాద్ నుంచి బీదర్ జిల్లాకు వెళ్లిన ఒక యువ ఇంజనీరును మూక కొట్టి చంపింది. ఆ స్నేహితుల్లో ఒకరు బడిపిల్లలకు చాక్లెట్లు పంచడమే అనుమానానికి కారణం. అప్పట్లో అందరి ఫోన్లలో తిరిగిన కిడ్నాప్ వీడియో నిజానికి పిల్లల భద్రత కోసం కరాచీలో తీసిన ప్రచార చిత్రం. ఆ సంగతి చెప్పే చివరి ముక్కను ఎవరో కత్తిరించి పంపారు. బతికే హక్కు పోయింది ఒక ఫార్వర్డ్ వల్ల. అందుకే ఇది మన పనే.

ఈ ఏడాది గర్వంగా చెప్పుకోదగ్గది డిసెంబరులో మానవ హక్కుల దినం తర్వాత జరిపిన రెండు రోజుల శిక్షణ. న్యాయవాదులు, ఆశా కార్యకర్తలు, మండల విలేకరులు, విద్యార్థులు, డప్పు కళాకారులు ఒకే హాల్లో కూర్చున్నారు. మొదటి పూటే ఒక వీడియో వేశాం. పోలీసులు ఒక యువకుడిని కొడుతున్న దృశ్యం అది. మన జిల్లాదేనంటూ మన గ్రూపుల్లోనే తిరిగింది. హాల్లో సగం మంది అప్పటికే దాన్ని పంపేశారు. అందులోంచి ఒక ఫ్రేమ్ స్క్రీన్‌షాట్ తీసి రివర్స్ ఇమేజ్ సెర్చ్, అంటే ఆ బొమ్మ అంతకుముందు ఇంటర్నెట్‌లో ఎక్కడ వచ్చిందో వెతకడం, చేయించాం. వేరే రాష్ట్రంలో ఎన్నో ఏళ్ల కిందట జరిగినదని తేలింది. హాలంతా నిశ్శబ్దం. అప్పుడు ఒక సీనియర్ న్యాయవాది లేచి, తాను పంపిన ప్రతి గ్రూపులోనూ అందరి ముందే సవరణ పెట్టారు. ఆయనకు ఈ సభ తరఫున చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఊరికి వెళ్లి, బాధితులతో మాట్లాడి, ఆ తర్వాతే ప్రకటన ఇవ్వడం హక్కుల ఉద్యమ నేత బాలగోపాల్ గారి తరం మనకు నేర్పిన నిజనిర్ధారణ. ఫోన్‌లో వచ్చింది మనవైపు మాట్లాడినా అదే నియమం.

శిక్షణలో నేర్పిన పద్ధతి ఇది: అబద్ధపు వార్తకు ఖండన రాసేటప్పుడు ముందు నిజం చెప్పాలి. అబద్ధాన్ని ఒక్కసారే ప్రస్తావించి మళ్లీ నిజంతో ముగించాలి. అబద్ధపు ఫొటో చూపించాల్సి వస్తే దాని మీద పెద్ద అడ్డగీత కొట్టాలి, లేకపోతే మన పోస్టు నుంచే దాన్ని తీసి మళ్లీ తిప్పుతారు. మహిళా కార్యకర్తల ఫొటోలు మార్ఫింగ్ చేసినప్పుడు కోపంతో వాదనకు దిగకుండా, ముందు లింకులు, స్క్రీన్‌షాట్లు దాచుకుని జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయించాం. రెండో రోజు డప్పు బృందం పుకార్ల మీద పాట కట్టింది. 2018లో గద్వాల ఎస్పీగా రెమా రాజేశ్వరి గారు జానపద కళాకారులతో ఊళ్లలో చేయించిన ప్రచారమే దీనికి స్ఫూర్తి. చదవడం రాని అవ్వలకు కూడా అర్థమైన మాట ఆ పాటే.

తన గురించిన వార్తల్లో ఏది అబద్ధమో కేంద్ర ప్రభుత్వమే తేల్చేలా 2023లో తెచ్చిన ఐటీ నిబంధనను బాంబే హైకోర్టు 2024 సెప్టెంబరులో కొట్టేసింది. సంతోషించాం. అయితే సరిచూసుకునే బాధ్యత మన మీద ఇంకా పెరిగిందని నా అభిప్రాయం.

ఇక బాధ కలిగించిన విషయాలు. మూకదాడులను అరికట్టడానికి ప్రతి జిల్లాకూ నోడల్ అధికారి ఉండాలని సుప్రీంకోర్టు 2018 జులై 17న చెప్పింది. మనకు ఆ అధికారి ఎవరని సంబంధిత కార్యాలయానికి రెండుసార్లు రిజిస్టర్డ్ పోస్టులో రాశాం. జవాబు లేదు. రసీదులు ఫైల్లో ఉన్నాయి. వచ్చిన మెసేజీలు సరిచూసే వారపు డ్యూటీకి పోయిన సభలో చాలామంది ఉత్సాహంగా చేతులెత్తారు. వేసవి వచ్చేసరికి నలుగురే మిగిలారు, నలుగురూ ఇంటిపని ముగించుకుని రాత్రిపూట కూర్చున్న మహిళలే. ఎన్నికల రోజుల్లో వాళ్లు పడ్డ టెన్షన్ నేను కళ్లారా చూశాను. మిగతావాళ్లు ఫోన్ కూడా ఎత్తలేదు.

జమాఖర్చులు కోశాధికారి పంచిన కాగితంలో ఉన్నాయి, ఆడిట్ పూర్తయింది. దయచేసి ఆమోదించండి.

హాలు ఉచితంగా ఇచ్చిన ఉపాధ్యాయ మిత్రులకు, రెండు రోజులూ భోజనం వండిపెట్టిన స్వయం సహాయక సంఘం అక్కలకు, ప్రొజెక్టర్ ఇచ్చిన లైబ్రేరియన్ గారికి, కరపత్రాలు అప్పుగా అచ్చువేసిన ప్రెస్ యజమానికి, డప్పు బృందానికి, ఆ నలుగురు చెల్లెళ్లకు పేరుపేరునా కృతజ్ఞతలు.

డ్యూటీ పట్టిక ద్వారం దగ్గర బల్ల మీద ఉంది. వారానికి రెండు గంటలు నిజంగా ఇవ్వగలిగినవాళ్లే పేరు రాయండి.

కార్యదర్శి