పది రోజుల్లో ఐకిడో రాదు

సంపాదకులు గారికి నమస్కారం.

ఆత్మరక్షణ విద్యల గురించి ఇటీవల మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం ఐకిడో అనే జపాన్ యుద్ధవిద్యను ఎదుటివారి బలంతోనే వారిని పడగొట్టే చిట్కాల విద్యగా పరిచయం చేసి, బడిపిల్లలకు వేసవి సెలవుల్లో 10 రోజులు నేర్పిస్తే చాలునని చెప్పింది. ఉద్యోగరీత్యా టోక్యోలో ఉన్న నాలుగేళ్లూ, తిరిగి వచ్చాక ఇక్కడా ఈ విద్యను సాధన చేస్తున్నవాడిని. ఆ 10 రోజుల మాట చదివాక ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఐకిడోలో ఇద్దరు జతగా సాధన చేస్తారు. దాడి చేసి పడేవారు ఉకే, పడవేసేవారు నాగే. సాధారణంగా కుడివైపు రెండుసార్లు, ఎడమవైపు రెండుసార్లు చేశాక పాత్రలు మార్చుకుంటారు కనుక గంటసేపు సాధన చేస్తే అందులో సగం పడటానికే పోతుంది. నా మొదటి మూడు నెలలైతే దాదాపు మొత్తం దానికే సరిపోయాయి. వెనక్కి పడేటప్పుడు గడ్డాన్ని ఛాతీకి ఆనించి, నడుముకు కట్టుకున్న పట్టీ ముడి మీద చూపు నిలిపి, వీపును గుండ్రంగా చేసుకోవాలి. ముందుకు దొర్లేటప్పుడు చేతి అంచు మొదలుకొని మోచేయి, భుజం, వీపు మీదుగా ఏటవాలుగా రెండోవైపు తుంటి దాకా ఒంట్లో ఒక్కో భాగం వరసగా నేలను తాకుతూ పోవాలి. నా భుజం ఎముక చాపకు ఠక్కున తగిలినప్పుడల్లా, నాతో జతకట్టిన డెబ్బై ఏళ్ల పెద్దావిడ "మళ్లీ" అని ఒక్క మాట అని, తాను చప్పుడు కాకుండా దొర్లి లేచి చూపించేవారు.

ఇంత జాగ్రత్త ఎందుకో షిహోనాగే అనే పద్ధతిని చూస్తే తెలుస్తుంది. ఎదుటివారి మణికట్టు పట్టుకుని, కత్తి ఎత్తినట్టు పైకెత్తి, దాని కింద నుంచి తిరిగి, ఆ చేతిని వారి భుజం వెనక్కే మడిచి కిందికి దించుతారు. చేయి అలా చిక్కుకున్న ఉకేకు తనను తాను కాచుకునే వీలు తక్కువ, తల వెనుక భాగం నేలకు కొట్టుకునే ప్రమాదం ఎక్కువ. జపాన్‌లో విశ్వవిద్యాలయాల క్లబ్బుల్లో కొత్తగా చేరిన విద్యార్థులు తలకు దెబ్బ తగిలి మరణించిన ఘటనలు ఉన్నాయి. నా మట్టుకు నాకు, తొందరపాటు మనిషి ఒకరు నా మోచేతిని బయటికి లాగి తిప్పిన పుణ్యాన, మూడు నెలలు చొక్కా తొడుక్కోవడానికి ఇంట్లోవాళ్ల సాయం కావలసి వచ్చింది.

వ్యాసం ఈ విద్యను స్థాపించిన మొరిహెయ్ ఉయెషిబాను శాంతిని బోధించిన సాధువుగా మాత్రమే చూపించింది. 1883లో తనాబెలో పుట్టిన ఆయన 1915లో హొక్కైడోలో తకెదా సోకాకు అనే గురువు దగ్గర దైతోర్యూ జుజుత్సు అనే పోరాట విద్య నేర్చుకున్నారు. 1931లో టోక్యోలో ఆయన నెలకొల్పిన శిక్షణశాలను అక్కడి కఠిన సాధన కారణంగా జనం నరకమనే పిలిచేవారు. ఆయన సైనిక పాఠశాలల్లో కూడా బోధించి, 1942లో, అంటే ఐకిడో అనే పేరు అధికారికంగా నమోదైన ఏడాదే, ఇవామా పల్లెకు చేరి వ్యవసాయం చేసుకుంటూ సాధన సాగించారు. ఎదుటివారిని గాయపరచకుండా దాడిని అణచాలన్న ఆయన మాటకు నా దృష్టిలో బరువు అందువల్లే వచ్చింది. గాయపరచడం ఎలాగో ఆయనకు బాగా తెలుసు.

ఉకే కావాలనే పడతాడన్న విమర్శ ఒకటి తరచుగా వినిపిస్తుంది. చాలాచోట్ల అది నిజమే. ఉయెషిబా శిష్యుడు, జూడోలోనూ ఆరితేరిన కెంజి తోమికి ఈ లోపాన్ని గుర్తించే, మెత్తని ఉత్తుత్తి కత్తితో దాడి చేసే పోటీలను తన శాఖలో ప్రవేశపెట్టారు. ఉయెషిబా వారసులు నడిపే ఐకికాయ్ సంస్థ మాత్రం నేటికీ పోటీలు పెట్టదు. నా మొగ్గు ఐకికాయ్ వైపే గానీ, దానికొక షరతు ఉంది: ఉకే మణికట్టును నిజంగా గట్టిగా పట్టాలి, దెబ్బ నిజంగా నుదుటికే గురిపెట్టాలి, తూకం తప్పే దాకా పడకూడదు. మన భాషలో పట్టువిడుపులు అంటామే, ఆ రెండూ ఉకేకు తెలిసి ఉండాలి. నాగే ఊపు చూసి ముందే దొర్లిపోయే ఉకే తన జతగాడికి అబద్ధం నేర్పుతున్నట్టే. (బొక్కెన్ అనే చెక్క కత్తితో దాడి చేసేటప్పుడు ఈ తేడా మరీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. బావి దగ్గరి బొక్కెనకూ దీనికీ సంబంధం లేదు.)

ఇక 10 రోజుల సంగతి. ఐకికాయ్‌లో అన్నిటికన్నా కింది మెట్టయిన ఐదో క్యూ (స్థాయి) పరీక్షకు కూర్చోవాలంటేనే కనీసం 30 రోజులు సాధనకు హాజరై ఉండాలి. 10 రోజుల శిబిరంలో పిల్లలకు శుభ్రంగా పడటం నేర్పితే అది మంచి పనే; సైకిల్ మీద నుంచి పడినా ఆ విద్య అక్కరకు వస్తుంది. కానీ పడటం రాకుండానే ఒకరి మణికట్టు మరొకరి చేత మెలిపెట్టించడం మాత్రం మానాలి. మీ పత్రిక వేసవి శిబిరాల గురించి మళ్లీ రాసేటప్పుడు, అక్కడ పరిచిన చాపల మందం ఎంత, ఒక్కో శిక్షకుడి కింద ఎంతమంది పిల్లలు ఉంటారు, షిహోనాగేను ఎన్నో వారంలో మొదలుపెడతారు అన్న వివరాలు కూడా కనుక్కుని ప్రచురించగలరని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఐకిడో సాధకుడు,
హైదరాబాద్