డైపర్ మానితేనే అడ్మిషనా?

సంపాదకులకు నమస్కారం.

జూన్ దగ్గరపడిందంటే చిన్నపిల్లలున్న ఇళ్లల్లో ఒకటే టెన్షన్. ఒంటికి, రెంటికి చెప్పడం వస్తేనే చేర్చుకుంటామని కొన్ని ప్లేస్కూళ్లు షరతు పెడుతున్నాయి. మా మనవరాలికీ అదే చెప్పారు. రెండున్నరేళ్ల పిల్లకి ఇదేం షరతండీ?

ఉచ్చ వస్తోందని తెలియడం, కాసేపు ఆపుకోవడం, కూర్చున్నాక వదలడం, ఈ మూడూ ఒకేసారి రావు. చాలామంది పిల్లల్లో ఏడాదిన్నర నుంచి మూడేళ్ల లోపు మెల్లగా కుదురుతాయి, కొందరికి ఇంకా ఆలస్యం. మా పిల్ల రెంటికి వస్తే కర్టెన్ చాటుకెళ్లి, మంచం కోడు పట్టుకుని నిలబడేది. అంటే దానికి తెలుస్తోంది, సీటు మీద కూర్చుని వెళ్లడమే ఇంకా అలవాటు కాలేదు. ఇక రాత్రి పక్క తడపడమంటారా, అయిదేళ్ల లోపు దాన్ని డాక్టర్లు జబ్బుగానే చూడరు.

అడ్మిషన్ కోసం తొందరపెట్టి, తిట్టి, కొట్టి కూర్చోబెడితే పిల్లలు బిగబట్టుకుంటారు. నాకు భయమేసేది ఇదే. ఒకసారి రెంటికి గట్టిగా అయి నొప్పి పుడితే చాలు, మళ్లీ వచ్చినప్పుడు కాళ్లు బిగించి, మునివేళ్ల మీద నిలబడి, మొహం ఎర్రగా చేసుకుంటారు, మనం ముక్కుతున్నారనుకుంటాం గానీ చాలాసార్లు అది ఆపుకోవడమే. లోపల అది ఇంకా గట్టిపడి, పక్కనుంచి పల్చగా కారి నిక్కరు పాడవుతుంది, దానికీ మళ్లీ దెబ్బలే! అది మొండితనం కాదు, మలబద్ధకం, డాక్టరుకి చూపించాలి.

పసిబిడ్డని కాళ్ల మీద కూర్చోబెట్టుకుని స్‌స్‌స్ అనడం మన పెద్దవాళ్ల పద్ధతి, అది మంచిదే, కాకపోతే అక్కడ వేళ కనిపెట్టేది పెద్దవాళ్లు. బిడ్డ తనంతట తాను ఆపుకోవడానికి టైమ్ పడుతుంది. అన్నం తిన్నాక పేగులు కదులుతాయి కాబట్టి అప్పుడు అయిదు నిమిషాలు కూర్చోబెట్టండి, కమోడ్ అయితే కాళ్లు వేలాడకుండా కింద చిన్న పీట వేయండి, రాకపోతే లేపేయండి.

వేలకి వేలు ఫీజు కట్టించుకునే స్కూళ్లు చిన్న సీట్లు, ఓపికున్న ఆయమ్మ, బ్యాగులో ఇంకో నిక్కరు పెట్టమనే మాట, ఇవైనా చూసుకోలేవా? అద్దె ఇళ్లల్లో నడిచే అంగన్‌వాడీల్లో చాలాచోట్ల పిల్లలకి తగ్గ మరుగుదొడ్డి లేదు, అధికారులు అదీ చూడాలి. ఈ షరతు మాత్రం ఈ అడ్మిషన్ల నుంచే తీసేయాలని నా మనవి.

— ఒక అమ్మమ్మ, ఖమ్మం