మరమ్మతు పనికి ఇంజనీర్‌ ఫీజు ఎంత? అడిగితే చెప్పేవారేరీ?

సంపాదకుడు గారికి,

అపార్ట్‌మెంట్ కొనుక్కున్నవాళ్లకు రెరా అనే స్థిరాస్తి నియంత్రణ చట్టం ఉంది. ఫ్లాటు చేతికొచ్చిన ఐదేళ్లలోపు కట్టుబడిలో లోపం బయటపడితే బిల్డరే సొంత ఖర్చుతో సరిచేయాలని అందులోని 14వ సెక్షన్ చెబుతోంది. కొత్తగా ఇల్లు కట్టేవాళ్లకు ప్లాను మీద సంతకం పెట్టడానికి ఎల్‌టీపీ, అంటే లైసెన్సున్న సాంకేతిక నిపుణుడు ఉంటారు. పాత ఇంటికి బాత్రూములు మార్పించి, వైరింగ్ కొత్తది లాగించి, వంటింటి గోడ జరిపించుకునే మధ్యతరగతివాడికి మాత్రం ఎవరూ లేరు. ఇలాంటి లోపలి పనులకు సాధారణంగా కార్పొరేషన్ అనుమతి అక్కర్లేదు. అక్కడ మేస్త్రీ చెప్పిందే వేదం.

ఇంజనీర్‌ని పెట్టుకోవచ్చుగా అంటారు. మా వీధిలో ఆ ప్రయత్నమూ చేశాం. ఒకాయన పని విలువలో పది శాతం అన్నారు. ఇంకొకాయన చదరపు అడుగు లెక్క చెప్పారు. కదిలించేది రెండు బాత్రూములైతే ఇల్లంతటి చదరపు అడుగులకు డబ్బులెందుకో మాకు అర్థం కాలేదు. మూడో ఆయన నవ్వుతూ, ‘పని మొత్తం నాకే ఇచ్చేయండి, సూపర్‌విజన్ ఫ్రీ’ అన్నారు. పని చేసేదీ, బాగుందో లేదో చూసేదీ ఆయనే అయితే ఇక మనకు ఒరిగేదేముంది?

శాతం లెక్కలో ఉన్న చిక్కు చాలామంది గమనించరు. ఎనిమిది లక్షల పనికి పది శాతమంటే 80,000. ఆయనకు జీఎస్టీ నమోదు ఉంటే దానిపై 18 శాతం, అంటే మరో 14,400. మేస్త్రీ ‘ఎక్స్‌ట్రా వర్క్’ పేరుతో అంచనాను పది లక్షలకు లాగితే ఫీజు లక్ష అవుతుంది. ఖర్చు పెరగకుండా చూడాల్సిన మనిషికి ఖర్చు పెరిగితేనే లాభం. ఆయన నిజాయితీని నేను శంకించడం లేదు, లెక్కే తిరగబడి ఉందంటున్నాను.

నిజానికి మరమ్మతు పనికి రోజూ ఇంజనీర్ అక్కర్లేదు. గోడ పగలగొట్టేముందు ఒకసారి వచ్చి అది బరువు మోసే గోడా కాదా, పైన బీమ్ ఉందా లేదా చూడాలి. పైపులు, వైర్ల గొట్టాలు గోడలో పెట్టాక, ప్లాస్టరింగ్‌తో మూసేయక ముందు రావాలి. ఇదే అన్నిటికన్నా ముఖ్యం. నేను చూసిన ఒక ఇంట్లో ప్లంబరు పైపు దాచడానికి పిల్లర్‌కే కట్టర్‌తో గాడి కొట్టాడు. లోపలి ఇనుప రింగు తెగి చివర మెరుస్తూ కనిపించింది. అదేంటయ్యా అంటే, ‘ప్లాస్టరింగ్ చేసేస్తే కనపడదు సార్’ అన్నాడు! ఆ తర్వాత బాత్రూమ్‌లో వాటర్‌ప్రూఫింగ్ చేసి నీళ్లు నిలగట్టినప్పుడు రావాలి. రెండు రోజులు నిలబెట్టి, కింది సీలింగ్‌లో చెమ్మ దిగలేదని చూశాకే టైల్స్ వేయనివ్వాలి. చివరిగా గీజర్‌కు, ఏసీకి వేసిన వైరు మందం, ఎర్తింగ్ చూసి, బిల్లును కొలతలతో సరిచూస్తే సరిపోతుంది. మొత్తం నాలుగైదు రాకలు. రాకకు ఇంత అని మాట్లాడుకుంటే చిన్న ఇంటివాడికీ భారం కాదు.

ఉద్యోగంలో ఉన్నంతకాలం బిల్లుల విభాగంలో పనిచేశాను కనుక ఈ తేడా నాకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వీధిలో వేసే సైడు కాల్వకు కూడా అసిస్టెంట్ ఇంజనీర్ (ఏఈ) ఎం-బుక్ అనే కొలతల పుస్తకంలో కొలతలు రాస్తారు, ఆయన పై అధికారి డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్ (డీఈఈ) వాటిని మళ్లీ కొలిచి సరిచూస్తారు, బిల్లులో కొంత సొమ్మును హామీ డిపాజిట్ కింద ఆపుతారు. అంతకు ఎన్నోరెట్లు సొంత డబ్బు పోసే ఇంటికి చిత్తుకాగితం మీద మేస్త్రీ రాసిచ్చిన లెక్కే దిక్కు. ఎం-బుక్ ఉన్న కాల్వలన్నీ గట్టిగా ఉన్నాయా అని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదనుకోండి, అది వేరే సంగతి.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు విజయవాడలో ఈ లోటు మరీ కనిపించింది. నీట మునిగిన కింది అంతస్తు ఇళ్లకు ప్రభుత్వం 25,000 రూపాయలు ప్రకటించింది, మంచిదే. నానిన గోడలు ఎన్నాళ్లు ఆరాక రంగులు వేయాలో, తడిసిన స్విచ్‌బోర్డులు, వైర్లలో ఏది మార్చాలో ఇంటికొచ్చి చెప్పే మనిషి కూడా అప్పుడు అంతే అవసరం.

పని చెడితే వినియోగదారుల కమిషన్ ఉంది కదా అనొచ్చు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపైతే అక్కడ ఫిర్యాదుకు రుసుము కూడా లేదు. కానీ టైల్స్ కింద ఏం జరిగిందో రుజువు చేయాలంటే మళ్లీ ఇంజనీర్ నివేదికే కావాలి. అలా కాక, పని నడిచేటప్పుడే ఇంజనీర్ రాకరాకకూ రాసి సంతకం పెట్టిన కాగితం, నాలుగు ఫొటోలు ఉంటే చాలావరకు తగువు అక్కడిదాకా పోదు.

నగరపాలక సంస్థలు ఒక పని చేయాలి. లైసెన్సున్న ఇంజనీర్లలో, రిటైరైన ఏఈ, డీఈఈలలో ఇష్టమున్నవారి పేర్లు తీసుకుని, మరమ్మతు పర్యవేక్షణకు రాకకు గరిష్ఠ ఫీజు ఎంతో వార్డు సచివాలయాల నోటీసు బోర్డులో పెట్టాలి. చూసే పనిని కాంట్రాక్టుకు తీసుకోబోమని, సిమెంటు, టైల్స్ కొట్ల నుంచి కమీషన్ ముట్టబోమని వాళ్ల చేత రాయించుకోవాలి. ఇలా రాయించుకోకపోతే ఆ పేర్ల జాబితాను అసలు మొదలుపెట్టొద్దని నా మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉద్యోగి,
విజయవాడ