బండలో గ్యాస్ ఎంతుందో తూకమే చెప్పాలి

సంపాదకుల వారికి,

తిరుపతి ఇళ్లలో గ్యాస్ బండ ఎన్నాళ్లు వస్తుందో రోజులు లెక్కపెట్టి చెప్పడం కష్టం. శ్రీవారి దర్శనానికని బంధువులు దిగితే, నెలాఖరు దాకా వస్తుందనుకున్న బండ మధ్యలోనే అయిపోతుంది. ఎవరూ రాని నెలల్లో అదే బండ ఇంకొన్నాళ్లు ఎక్కువే వస్తుంది. రెండో సిలిండర్ లేని ఇంట్లో గ్యాస్ ఉన్నట్టుండి ఆగిపోతే పడే ఇబ్బంది అందరికీ తెలిసిందే. దీపం-2 పథకం కింద నాలుగు నెలలకొకటి చొప్పున ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు అందుకుంటున్న కుటుంబాలకైతే, ఎప్పుడు బుక్ చేసుకోవాలో ముందుగా తెలియడం మరీ అవసరం.

గ్యాస్ ఎంత మిగిలిందో తెలుసుకోవడానికి మంట రంగును నమ్ముకునేవారు చాలామంది ఉన్నారు. బర్నర్ రంధ్రాల్లో మసి పేరుకున్నా మంట ఎర్రబడుతుంది కనుక అది నమ్మదగిన గుర్తు కాదు. బండలో ద్రవం కొంచెం మిగిలి ఉన్నా లోపలి పీడనం పెద్దగా తగ్గదు కాబట్టి, రెగ్యులేటర్‌కు బిగించే పీడనం మీటర్లు కూడా సగముందా, పావుందా అన్నది చెప్పలేవు. ఇక అడుగున మిగిలిన గ్యాస్ కోసం బండను పడుకోబెట్టడం, వేడినీళ్లలో నిలబెట్టడం ఎంతమాత్రం చేయకూడని పనులు. పడుకోబెట్టిన బండలోంచి ద్రవమే నేరుగా ట్యూబులోకి వచ్చి, పొయ్యి దగ్గర ఒక్కసారిగా పెద్ద మంట లేచే ప్రమాదం ఉంది.

తడిబట్ట పద్ధతి వీటికంటే మేలు. బండను పైనుంచి కిందిదాకా తడిబట్టతో తుడిచి కాసేపు ఆగితే, ఖాళీగా ఉన్న పైభాగం ముందుగా ఆరిపోతుంది. లోపల ద్రవం ఉన్నంత మేర చల్లగా ఉండి తడి నిలుస్తుంది. ఆ రెండింటి మధ్య కనిపించే గీతే గ్యాస్ మట్టం. అయితే ఎండాకాలంలో స్పష్టంగా తెలిసే ఈ గీత, కార్తీక మాసపు ముసురులో బండంతా ఒకే తీరుగా తడిగా ఉండడంతో సరిగా తెలియదు.

ఏ కాలంలోనైనా నమ్మదగింది తూకమే. చేత్తో పట్టుకునే రింగును బండకు కలిపే నిలువు పట్టీల మీద ఖాళీ బండ బరువు వేసి ఉంటుంది. (పక్కనే ఏ, బి, సి, డి అక్షరాల్లో ఒకదానితో ఉండే సంఖ్య తనిఖీ గడువును తెలిపేది, దాన్ని బరువుగా పొరబడకూడదు.) రెగ్యులేటర్ తీసి, మూత బిగించి తూచినప్పుడు 19.4 కిలోలు తూగి, పట్టీ మీద 15.9 అని ఉంటే, మిగిలిన గ్యాస్ మూడున్నర కిలోలు. నిండు బండలో ఉండాల్సింది 14.2 కిలోలు.

ఇంత తేలికైన లెక్కకు అడ్డొస్తున్నవి రెండు. చాలా బండల మీద రంగుపై రంగు వేయడంతో ఆ అంకె చదవరాకుండా పోతోంది. బండను తూచి చూపమని అడిగే హక్కు వినియోగదారుకు ఉన్నా, కాటా వెంట తెచ్చే డెలివరీ సిబ్బంది అరుదు. రెండో అంతస్తు, మూడో అంతస్తు ఇళ్లవారు అడగడానికే మొహమాటపడుతున్నారు. తిరుపతి, చిత్తూరు జిల్లాల పౌర సరఫరాల, తూనికలు కొలతల శాఖల అధికారులు ఈ విషయంలో గ్యాస్ ఏజెన్సీలతో మాట్లాడాలని కోరుతున్నాను. ప్రతి డెలివరీ వాహనంలో కాటా ఉండేలా చూసి, ఖాళీ బండ బరువును, తూచిన బరువును రసీదు మీద రాయించి ఇప్పిస్తే, ఆ తర్వాతి లెక్క ఇంట్లో మేమే చూసుకుంటాము.

ఇట్లు,
ఒక గృహిణి,
బైరాగిపట్టెడ, తిరుపతి.