మీ తువ్వాళ్ళతో వచ్చిన తెలుగు సూచన కాగితంలోని తప్పు గురించి ఫిర్యాదు

బెంగళూరు,
18 ఆగస్టు 2025.

వినియోగదారుల సేవా విభాగాధిపతి గారికి,

విషయం: స్నానపు తువ్వాళ్ళ ఉతుకు సూచనల్లో దోషం, నా ఫిర్యాదును తోసిపుచ్చిన మీ జవాబుపై అభ్యంతరం.

అయ్యా / అమ్మా,

గత ఫిబ్రవరిలో మీ కంపెనీ నుంచి 600 జీఎస్‌ఎమ్ (చదరపు మీటరుకు 600 గ్రాముల బరువుండే) నూలు తువ్వాళ్ళు ఆరు, ఒక్కొక్కటి 799 రూపాయల చొప్పున కొన్నాను. వాటితో పాటు మీరే తయారుచేసే ఫాబ్రిక్ కండిషనర్ (ఉతికేటప్పుడు బట్టలు మెత్తబడడానికి పోసే ద్రవం) సీసా ఒకటి కొని, ఆ తర్వాత మరో రెండు తెప్పించుకున్నాను. తువ్వాళ్ళ నేత గురించి గాని, అంచుల కుట్టు గురించి గాని నాకు ఏ ఫిర్యాదూ లేదు. నా ఫిర్యాదంతా ఆ పెట్టెలో మీరు మడిచి పెట్టిన కాగితం గురించి, అందులోనూ దాని తెలుగు భాగం గురించి. అందుకే ఈ లేఖ కూడా తెలుగులోనే రాస్తున్నాను.

మా ఇంట్లో బట్టల పని చూసేది మా అత్తగారు. ఆమె నెల్లూరు జిల్లా నుంచి వచ్చి మా దగ్గర ఉంటున్నారు. తెలుగు తప్ప మరో భాష చదవలేరు. ఖరీదైన తువ్వాళ్ళు పాడైపోతాయేమోనన్న భయంతో ఆ కాగితాన్ని వాషింగ్ మెషీన్ పక్కన గోడకు అతికించి, నాలుగు నెలల పాటు అక్షరం తప్పకుండా పాటించారు. ‘ప్రతి ఉతుకులోనూ తప్పనిసరిగా ఒక మూత నిండా కండిషనర్ పోయండి’ అని అందులో ఉంది. అదే కాగితం వెనక ఇంగ్లీషు భాగంలో మాత్రం, కావాలనుకుంటే అప్పుడప్పుడు కొద్దిగా వాడవచ్చని, తరచూ వాడితే నీటిని పీల్చే గుణం తగ్గుతుందని ఉంది. ఇంగ్లీషు చదివేవారికి ఒక హెచ్చరిక, తెలుగు చదివేవారికి ఒక ఆజ్ఞ! ఇది అనువదించినవారి పొరపాటో, అమ్మకాలు చూసుకునేవారి ఆలోచనో నాకు తెలియదు. ఫలితం మాత్రం మా స్నానాల గదిలో కనిపించింది.

మే నెల చివరికి తువ్వాళ్ళు చేతికి జిడ్డుగా, జారుడుగా తగలడం మొదలుపెట్టాయి. పైకి చూస్తే మెత్తగానే ఉన్నాయి, కానీ స్నానం చేసి ఒళ్ళు తుడుచుకుంటే తడి ఎక్కడిదక్కడే ఉండేది. ‘ఇది నీళ్ళు తుడవడం లేదమ్మా, ఒంటికి పూస్తోంది’ అని మా అత్తగారు అన్న మాట కంటే కచ్చితంగా ఈ సంగతి నేను చెప్పలేను. ఒకరోజు తువ్వాలును బల్ల మీద పరిచి చెంచాతో ఒక్క నీటిబొట్టు వేశాను. అది చేమాకు మీద బొట్టులా గుండ్రంగా నిలిచి, నేను నలభై లెక్కపెట్టేదాకా ఇంకలేదు. ఏడేళ్ళుగా ఇంట్లో ఉన్న, పోగులు సగం రాలిన పాత షోలాపూర్ తువ్వాలు మీద వేస్తే ‘ఒకటి’ అనేలోపు మాయమైంది.

ఈ వివరాలన్నీ జూన్ మొదటి వారంలో మీకు ఇ-మెయిల్‌లో రాశాను. తువ్వాళ్ళు గట్టిపడడానికి మా ప్రాంతపు ఉప్పునీళ్ళు, ఎండలో ఆరవేయడం కారణమని, ఇది ‘వినియోగదారు సరిగా వాడకపోవడం’ కిందికి వస్తుందని, కనుక డబ్బు వాపసు కుదరదని మీ జవాబు వచ్చింది. అవి గట్టిపడ్డాయని నేను ఎక్కడా రాయలేదు. నీళ్ళు పీల్చడం లేదని రాశాను. ఈ రెండూ వేర్వేరు జబ్బులు. ఒకదానికి రాసిన మందు చీటీని మీరు రెండోదానికి పంపించారు. పైగా నా ఇబ్బందికి ఊరటగా అదే కండిషనర్ మీద 20 శాతం రాయితీ కూపను జతచేశారు. దానిని వాడుకోలేదని మనవి.

అయినా మీరు చెప్పిన రెండు కారణాలనూ పట్టించుకోకుండా వదిలేయలేదు. ముందుగా నీళ్ళ సంగతి. మేముండే మహదేవపుర ప్రాంతంలో నీళ్ళు కఠినమైనవే, అంటే మీరన్న ఉప్పునీళ్ళే. బెంగళూరుకు కావేరి నీళ్ళు తెచ్చే అయిదో దశ పథకం 2024 అక్టోబరులో ప్రారంభమైనా మా అపార్ట్‌మెంటుకు కనెక్షను ఇంకా రాలేదు. బోరు నీళ్ళు, ట్యాంకరు నీళ్ళు కలిపి వాడుకుంటున్నాము. మా సంఘం వారు పరీక్ష చేయిస్తే లీటరుకు 480 మిల్లీగ్రాముల కఠినత్వం ఉందని తేలింది. తాగే నీటికి భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన కోరదగిన హద్దు 200, వేరే దారి లేనప్పుడు ఒప్పుకునే హద్దు 600. ఇలాంటి నీటిలోని కాల్షియం, మెగ్నీషియం డిటర్జెంట్ శక్తిని కొంత తినేస్తాయి, మనం ఇంకాస్త పొడి వేస్తాము, అది పూర్తిగా జాడించుకుపోక పోగుల్లో మిగిలిపోతుంది. ఇదంతా నిజమే. కానీ మా షోలాపూర్ తువ్వాలు కూడా ఏడేళ్ళుగా ఈ నీళ్ళలోనే, ఈ మెషీన్‌లోనే ఉతుకుతున్నాము. దానికి ఏనాడూ పోయనిది మీ కండిషనర్ ఒక్కటే.

దానిని నిర్ధారించుకోవడానికి వాడుకలో ఉన్న నాలుగు తువ్వాళ్ళను రెండుగా విడదీశాను. రెండింటిని మీ తెలుగు కాగితం ప్రకారమే కొనసాగించాము. మిగతా రెండింటిని డిటర్జెంట్ ఒక్క చెంచా కూడా వేయకుండా, 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉత్తగా తిప్పాను. పావుగంటకల్లా మెషీన్ గాజు తలుపు వెనక తెల్లటి నురుగు లేచింది. మేము ఏమీ వేయని చోట నురుగు వచ్చిందంటే, అది నాలుగు నెలలుగా పోగుల్లో పేరుకున్నదే కావాలి. అలా రెండుసార్లు తిప్పి, మూడోసారి జాడించే నీళ్ళలో ఒక కప్పు తెల్ల వెనిగర్ కలిపాను. వెనిగర్‌ను తరచూ పోస్తే మెషీన్ రబ్బరుకు మంచిది కాదు కనుక మళ్ళీ వాడలేదు. ఆ తర్వాత వారానికొకసారి, ముందు వేసే డిటర్జెంట్‌లో సగమే వేసి, ఒకసారి అదనంగా జాడించి ఉతికాము. నాలుగో ఉతుకు దాటాక నీటిబొట్టు రెండు లెక్కపెట్టేసరికి ఇంకిపోయింది. కాగితం ప్రకారం నడిచిన రెండూ నేటికీ బొట్టును నెత్తిన పెట్టుకుని కూర్చుంటున్నాయి. అవే నీళ్ళు, అదే మెషీన్, అదే దండెం.

ఇలా ఎందుకు జరుగుతుందో మీ సాంకేతిక విభాగానికి నేను చెప్పనక్కరలేదు. కండిషనర్‌లోని కొవ్వు సంబంధమైన పదార్థాలు ధన విద్యుదావేశంతో నూలుకు అతుక్కుని పైన సన్నని పొరలా పరుచుకుంటాయి. పోగులు ఒకదాని మీద ఒకటి జారడం వల్ల చేతికి మెత్తదనం తెలుస్తుంది గాని, ఆ పొర నీటిని లోపలికి పోనివ్వదు. చొక్కాకు, చీరకు దీనివల్ల పెద్ద నష్టం లేదు. నీళ్ళు పీల్చడమే పనిగా పుట్టిన తువ్వాలుకు ఇది ఉపాధి పోగొట్టడంతో సమానం. తువ్వాళ్ళకు కండిషనర్ వాడవద్దని చాలా కంపెనీలు లేబుళ్ళ మీద ముద్రించేది ఇందుకే.

ఇక ఎండ సంగతి. మీ తెలుగు కాగితం ‘నీడలో మాత్రమే ఆరబెట్టండి’ అంటుంది. బెంగళూరులో జూలై ముసురు పట్టినప్పుడు ఇంత మందమైన తువ్వాలు నీడలో ఒక్కరోజులో ఆరదు. రెండో రోజుకు ముక్కిపోయిన వాసన వస్తుంది. ముదురు రంగులు ఎండకు వెలిసిపోతాయన్నది వాస్తవమే గాని, ఆ భయంతో తేమను ఇంట్లో దాచుకోమని చెప్పడం సరికాదు. దండెం మీద కదలకుండా ఆరిన తువ్వాలు అట్టలా బిగుస్తుందన్న మాట కూడా నేను కాదనను. నూలులో చివరగా మిగిలే కాస్త తేమ పోగులను జిగురులా ఒకదానికొకటి అంటించడం వల్ల అలా అవుతుంది. అందుకు మందు సీసాలో లేదు, చేతుల్లో ఉంది. మా అత్తగారు మెషీన్ లోంచి తీయగానే తువ్వాలు రెండు కొసలూ పట్టుకుని నాలుగుసార్లు ఛట్‌ఛట్‌మని విదిలిస్తారు, సగం ఆరాక మళ్ళీ ఒకసారి దులిపి తిరగేస్తారు, మడతపెట్టే ముందు అరచేతులతో నలుపుతారు. పడుకుని ఉన్న పోగులు లేచి నిలబడతాయి. ఈ నాలుగు మాటలు మీ కాగితంలో ఉంటే మేము మూడు సీసాలు కొనేవాళ్ళమే కాదు.

నేను కోరేవి ఇవి. అన్నిటికంటే ముందు, తెలుగు సూచనలను ఇంగ్లీషు సూచనలతో సరిపోయేలా దిద్ది, కొత్త పెట్టెల్లో సరైన కాగితం పెట్టాలి. కన్నడ, తమిళ భాగాలను కూడా ఆ భాషలు వచ్చినవారి చేత ఒకసారి చదివించండి. నా ఫిర్యాదును తోసిపుచ్చుతూ రాసిన ‘సరిగా వాడకపోవడం’ అన్న మాటను లిఖితపూర్వకంగా వెనక్కి తీసుకోవాలి. మీ కాగితాన్ని అంత సరిగా వాడినవారు మరొకరు ఉండరని నా నమ్మకం. డబ్బు విషయానికి వస్తే, కోలుకున్న రెండు తువ్వాళ్ళకు గాని, ప్యాకెట్ విప్పని రెండింటికి గాని నేను ఏమీ అడగడం లేదు. చెడిపోయిన రెండింటికి 1,598 రూపాయలు, మూడు కండిషనర్ సీసాలకు 720 రూపాయలు, మొత్తం 2,318 రూపాయలు వాపసు ఇవ్వాలి.

ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేస్తాను. అక్కడా తేలకపోతే, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం నేను నివసిస్తున్న చోటే జిల్లా కమిషన్‌ను ఆశ్రయిస్తాను. మొత్తం చిన్నదే గనుక అంతదూరం వెళ్ళనని మీరు అనుకోవచ్చు. గోడకు అతికించిన ఆ కాగితాన్ని చూసి మా అత్తగారు, తన చేతులతోనే తువ్వాళ్ళను పాడుచేశానని రెండు నెలలు బాధపడ్డారు. నేను వెళ్ళేది ఆ లెక్క కోసం.

కొనుగోలు రసీదులు, సూచన కాగితం రెండు వైపుల ఫోటోలు, నీటి పరీక్ష నివేదిక, మీ ఇ-మెయిల్ ప్రతి జతచేస్తున్నాను. చెడిపోయిన రెండు తువ్వాళ్ళను ఉతకకుండా విడిగా ఉంచాము. వాటిని చూడడానికి మీ ప్రతినిధి ఏ రోజైనా ఉదయం పది తర్వాత రావచ్చు. ఆ వేళ ఇంట్లో మా అత్తగారు ఒక్కరే ఉంటారు కనుక, వచ్చేవారు తెలుగు చదవగలవారైతే మంచిది.

ఇట్లు,
మీ వినియోగదారురాలు,
మహదేవపుర, బెంగళూరు.